ఒకటో నంబరులో మా ఆయన

మా ఆయన మెదడులో రెండు తీగలున్నాయి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. అవి పుర్రెలోంచి బయటికొచ్చి, చెవి వెనక నుంచి చర్మం కిందుగా మెడ దాటి, ఛాతీ దగ్గర కుట్టేసిన ఒక చిన్న యంత్రంలో కలుస్తాయి. ఆ యంత్రానికో రిమోట్ ఉంది. చూడడానికి మొబైల్ ఫోనులా ఉంటుంది. మొన్నమొన్నటిదాకా అది నా హ్యాండ్‌బ్యాగులో, దువ్వెనకీ స్కూలు బీరువా తాళాలకీ మధ్య పడి ఉండేది. మొగుడి రిమోట్ పెళ్ళాం బ్యాగులో ఉందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మా స్టాఫ్‌రూములో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు ఎవరైనా నవ్వితే లేచి క్లాసుకి వెళ్ళిపోతున్నాను.

ఆయనది వణుకుడు జబ్బు. డాక్టర్లు పార్కిన్సన్స్ అంటారు. ఈ హిందీ ఊళ్ళో, బిర్సానగర్‌లో మా వీధి తెలుగువాళ్ళకి ‘సేతులాడీ రోగం’. మొదట కుడిచేతి బొటనవేలు ఒక్కటే ఆడింది. లేని బీడీని నలుపుతున్నట్టు ఉండేది. బీడీ మానేసినందుకు వచ్చిన తిక్క అని నేనే వెక్కిరించాను.

ఆయన కార్ఖానాలో క్రేన్ కింద నిలబడి సిగ్నల్ ఇచ్చే మనిషి. పైన కేబిన్‌లో డ్రైవరు ఉంటాడు, కింద ఇనప దిమ్మెలకి గొలుసులు కట్టించి ఈయన నిలబడతాడు. ఆ యంత్రాల మోతలో అరిచినా ఎవరికీ వినపడదు. ఎత్తమన్నా, దించమన్నా, ఆపమన్నా అంతా చేతులే. డ్రైవరు ఈయన ముఖం కూడా చూడడు, అరచేతిని చూస్తాడు. ఒకరోజు పైనున్న డ్రైవరు బరువును గాల్లోనే ఆపి, నిచ్చెన దిగి వచ్చి, “దాదా, ఎత్తమంటున్నారా దించమంటున్నారా, తెలియడం లేదు” అని హిందీలో అడిగాడట. చాలా మర్యాదగా అడిగాడట. ఆ మర్యాదే ఆయన్ని కోసేసింది. మర్నాటి నుంచి ఆయన స్టోరులో కూర్చునే పనికి మారిపోయాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకి అదీ మానేశాడు.

ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. చెప్పడంలో నాకు మంచి పేరుంది. డాక్టరుకీ చెప్పాను. అక్కడే తప్పు మొదలైంది.

ఆపరేషన్ కోల్‌కతాలో జరిగింది. తల కదలకుండా ఇనప చట్రంలో బిగించి, మనిషిని మెలకువగానే ఉంచి తీగలు దించారు. దించుతూ వేళ్ళు ఆడించమన్నారు, నెలల పేర్లు చెప్పమన్నారు. ఫలానా చోట చెయ్యి ఆగిందనీ, ఇంకొంచెం లోపలికి వెళితే నాలుక మొద్దుబారిందనీ చూసుకుంటూ పోయారట. బీఎస్సీలో జువాలజీ చదివినదాన్ని, కప్ప మెదడు గీసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అయినా చెయ్యి ఆడే చోటూ మాట పలికే చోటూ గోడకి గోడ ఆనుకున్న క్వార్టర్లని నాకు తెలియదు. ఒక ఇంట్లో మేకు కొడితే పక్కింట్లో ఫొటో కింద పడుతుంది.

తీగలు పెట్టడంతో అయిపోదు. తర్వాత ఎంత కరెంటు ఇవ్వాలో కొంచెం కొంచెంగా సరిచేస్తారు. డాక్టరు కంప్యూటరు ముందు కూర్చుని పెంచుకుంటూ పోయాడు. ఆయన కుడిచెయ్యి నెమ్మదించి, నెమ్మదించి, నిలిచిపోయింది. ఏళ్ళ తర్వాత ఆ చెయ్యి ఒడిలో నిద్రపోతున్న పిల్లిలా పడుంటే నాకు ఏడుపొచ్చింది. అప్పుడే మా ఆయన ఏదో అన్నాడు. నోట్లో తడిగుడ్డ కుక్కుకుని మాట్లాడినట్టుంది. డాక్టరు కరెంటు తగ్గించాడు. మాట తేటపడింది, చెయ్యి మళ్ళీ మొదలెట్టింది. పెంచితే చెయ్యి, తగ్గిస్తే మాట. అటూ ఇటూ నాలుగైదుసార్లు చూసి, రెండూ పూర్తిగా దొరకడం కష్టమని డాక్టరు చెప్పేశాడు. చివరికి పెంచి ఉంచి, మీకు ఏది ముఖ్యం అని మా ఇద్దరినీ చూసి అడిగాడు.

నేను చెప్పాను. చేతులే అన్నాను. ఈయన బతుకంతా చేతులేనండీ, నోటితో పనిచేసిన మనిషి కాదండీ అని ఆ క్రేను కథంతా హిందీలో చెప్పాను. డాక్టరు కుర్చీలో ముందుకి వంగి విన్నాడు. పక్కనుంచి మా ఆయన ఏదో గొణిగాడు. డాక్టరు నా వైపు చూశాడు.

“ఆయనా అదే అంటున్నారు” అన్నాను.

ఆయన అన్నది అది కాదు. “నన్నడగండి” అన్నాడు.

డాక్టరు రిమోట్‌లో రెండు నంబర్లు పెట్టి ఇచ్చాడు. ఒకటో నంబరులో కరెంటు ఎక్కువ, చెయ్యి నిలుస్తుంది. రెండో దాంట్లో తక్కువ, మాట తేలుతుంది. ఎప్పుడు ఏది కావాలంటే అది నొక్కుకోవచ్చు, భయం లేదు, ఇంటి దగ్గర మీరే చూసుకోండి అన్నాడు. రిమోట్ నా చేతికిచ్చాడు. నేను బ్యాగులో వేసుకున్నాను. రైల్లో పోతుందేమోనని వేసుకున్నాను, అంతే. ఇంటికొచ్చాక తియ్యలేదు.

ఒకటో నంబరులో మా ఆయన బంగారం. గ్లాసుడు టీ ఒక్క చుక్క ఒలకకుండా తాగాడు. చూడడానికి వీధివాళ్ళు వచ్చారు. చొక్కా బొత్తాలు తనే పెట్టుకున్నాడు, గడ్డం తనే గీసుకున్నాడు. నేను పొద్దున్నే క్యారేజీ కట్టి టేబుల్ మీద పెట్టి స్కూలుకి పోయేదాన్ని. అంతకుముందు ఆయనకి తినిపించి, కడిగి, బట్టలు మార్చి పరిగెత్తేదాన్ని, ప్రార్థన అయిపోయాక చేరి మాటలు పడేదాన్ని. ఆ సుఖం అబద్ధం కాదు. నా మీద కోపం వచ్చినప్పుడు కూడా ఈ ముక్క నాకు నేను గుర్తు చేసుకుంటాను.

ఆయన మాట మాత్రం ఎవరికీ అర్థమయ్యేది కాదు. కూరగాయలవాడు నా వైపు చూసేవాడు. ఊళ్ళోనే భుయ్యాడీహ్‌లో కాపురముంటున్న మా అమ్మాయి కూడా ఫోనులో రెండు ముక్కలు విని, “హాఁ పాపా, హాఁ పాపా” అని హిందీలో ఊకొట్టి పెట్టేసేది. నాకొక్కదానికే అంతా అర్థమయ్యేది. ఎందుకు కాదు? పెళ్ళైన మర్నాటి నుంచి ఆ నోటితో దెబ్బలాడుతున్నాను. ఆయనది టెక్కలి వైపు, మావాళ్ళది ఇచ్ఛాపురం అవతల ఒరిస్సా హద్దు. మీది తెలుగే కాదని ఆయన, మీకు కూర వండడమే రాదని నేను. వంకాయలో బెల్లం వెయ్యాలా వద్దా అని ఒక చలికాలమంతా పోట్లాడుకున్నాం. ఎన్నికలొస్తే ఇక చెప్పక్కర్లేదు. ఆయన గొంతు సవరించుకుంటేనే ఏ గొడవకి దిగుతున్నాడో తెలిసిపోయేది నాకు. తడిగుడ్డ అడ్డమొస్తే ఆ గొంతు తెలియకుండా పోతుందా?

ఇంటికొచ్చిన కొత్తలోనే ఒక సాయంత్రం అడిగాడు. “రెండు పెట్టవే” అన్నాడు. ఎంత నలిగి వచ్చినా అది ‘రెండు’ అనే మాటే.

“తెలీలేదండీ, మళ్ళీ సెప్పండి” అన్నాను.

మళ్ళీ చెప్పాడు. నేను తల అడ్డంగా ఊపాను. అప్పుడు చెయ్యి ఎత్తి రెండు వేళ్ళు చూపించాడు. సిగ్నల్ మనిషి చెయ్యి. గీత గీసినట్టు నిలబడ్డాయి రెండు వేళ్ళూ.

“రెండు రొట్టెలా? ఉండండి, ఏత్తన్నాను” అని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

రెండు రొట్టెలు చేసి పెట్టాను. ఆయన నా ముఖం చూసి, రొట్టెలు చూసి, తిన్నాడు.

ఆ రోజు నాకు ఒంట్లో బాగోలేదు, రెండు పెడితే మళ్ళీ తినిపించాలి, రేపు అడిగితే పెడదాం అనుకున్నాను. రేపు కూడా అడిగాడు. రేపు కూడా రొట్టెలే. ఇంకోసారి రెండు గ్లాసుల టీ. మరోసారి నవ్వుతూ “రెండో పెళ్ళేటి కొంపదీసి?” అన్నాను. నాకే తెలియకుండా ఇల్లు నెమ్మదిగా నాకు నచ్చడం మొదలుపెట్టింది. నేనొక మాట అంటే ఆ మాట పెట్టిన చోటే ఉండేది. టీవీలో వార్తలు చూసి నా అభిప్రాయం చెప్పేదాన్ని, ఆయన తరపు జవాబూ నేనే చెప్పేదాన్ని, దాన్ని చీల్చి చెండాడేదాన్ని. వంకాయలో బెల్లం వేసేదాన్ని. స్కూల్లో అందరితో తగువులాడి అలసిపోయి వచ్చే మనిషికి ఇంట్లో ఎదురు చెప్పేవాడు లేకపోతే ఎంత హాయిగా ఉంటుందో! అంత హాయి మంచిది కాదని తెలుస్తూనే ఉంది, అయినా అనుభవించాను.

ఆయన రిమోట్ తనే తీసుకోవచ్చు కదా అని మీరడగొచ్చు. చెయ్యి నిలకడగా ఉంది, బ్యాగు తలుపు వెనక మేకుకి వేలాడుతూనే ఉంటుంది. కానీ మా ఆయన పెళ్ళాం బ్యాగులో చెయ్యి పెట్టే మనిషి కాదు. రూపాయి కావాలన్నా బ్యాగు తెచ్చి నా ఒళ్ళో పెట్టేవాడు. అది ఆయన నాకిచ్చిన మర్యాద. నేను ఆ మర్యాద వెనకే దాక్కున్నాను. కొన్నాళ్ళకి అడగడం మానేశాడు. అలవాటు పడిపోయాడని వీధిలో చెప్పాను.

ఈ మధ్య ఒక ఆదివారం సోనారిలో మా తెలుగువాళ్ళ ఇంట పెళ్ళికి వెళ్ళాను. పట్టుచీర మీదికి రోజువారీ బ్యాగు బాగుండదని చిన్న పర్సు పట్టుకెళ్ళాను. మా అమ్మాయి స్కూటీ మీద వచ్చి వాళ్ళ నాన్న దగ్గర ఉంది.

మధ్యాహ్నం ఆటో దిగి గేటు తీస్తుంటే లోపల్నుంచి మగ గొంతు వినిపించింది. ఎవరో చుట్టమొచ్చాడనుకున్నాను. తర్వాత ఆ గొంతు నవ్వింది. నేను గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వంకాయ గొడవలోనూ, ఎన్నికల గొడవలోనూ ఆఖరున నన్ను ఉడికించిన నవ్వు అది.

లోపల మా అమ్మాయి కంచం పట్టుకుని తినిపిస్తోంది. ఆయన కుడిచెయ్యి మోకాలి మీద టకటక ఆడుతోంది. చొక్కా నిండా పప్పు.

“ఇదేటి అవతారం? సొక్కా అంతా పప్పే!” అన్నాను. ఏడాది తర్వాత మొగుడి గొంతు విని నేనన్న మొదటి మాట అది.

“పప్పు నా సొక్కామీద పడితే నీకేటే? నాలిక మీద మాట పడినాది, అది సూడు” అన్నాడు. “పెళ్ళి బోయనం ఎలగున్నాది? కూరలో ఉప్పేసినారా, నీ నోటికి జడిసి మానేసినారా?”

“ఏసినారు. మీకంటే ఎక్కువే ఏసినారు” అన్నాను.

“రిమోట్ ఎవరు తీశారు?” అని అమ్మాయిని అడిగాను.

“మైఁనే నికాలా, మమ్మీ” అంది అది తల ఎత్తకుండా. “పాపానే దో ఉంగ్లీ దిఖాయీ. మైఁ సమఝ్ గయీ. ఇసమేఁ క్యా హై?”

నేనే తీశాను, నాన్న రెండు వేళ్ళు చూపించాడు, నాకు అర్థమైపోయింది, ఇందులో ఏముంది అని. తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే పిల్ల, ఫోనులో వాళ్ళ నాన్న మాట రెండు నిమిషాలు వినలేని పిల్ల, దానికి ఒక్కసారికే అర్థమైంది. నేను పట్టుచీరతోనే మంచం అంచున కూర్చున్నాను.

అమ్మాయి వెళ్ళిపోయాక ఆయన మొదలుపెట్టాడు. తొందరలేదు ఆయనకి. ఏడాది దాచుకున్నదంతా వరుసలో పెట్టుకుని ఉన్నాడు.

“డాట్టరు కాడ, నా సేతులే నాకు పేణం అన్నావు. ఎవుల్నడిగి అన్నావు?”

“మీరు సిగ్నల్ మనిసి కాదేటి? ఏరోజైనా నోటితో పని సేసినారా?”

“అదేనే నాను సెప్పీది. డూటీలో ఉన్నంతసేపూ నోరు కట్టేసుకునుండీవోణ్ణి. గేటు దాటి సైకిలెక్కితే, అప్పుడు మాటాడొచ్చు కదా అని బేగి బేగి తొక్కుకొచ్చీవోణ్ణి. నీతోటి దెబ్బలాడ్డానికే వచ్చీవోణ్ణి, మరేటనుకున్నావు? ఆ మాటే తీసీసినావు. ఇప్పుడు రెండు పక్కలా నువ్వే మాటాడేత్తన్నావు. నా తరపునా నువ్వే, నీ తరపునా నువ్వే, గెలిసీదీ నువ్వే.”

నా దగ్గర జవాబులకి ఎప్పుడూ కరువు లేదు. “నోటితో మాటాడతారు సరే, తినిపించీది ఎవులు? మీ మాటలు తినిపిత్తాయేటి?” అన్నాను. అన్యాయమైన జవాబు కాదు అది. కాకపోతే ఆయన అడిగింది దాని గురించి కాదు.

ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

“రెండని అడిగినాను. యేళ్ళు సూపించినాను. నిజంగా తెలీనేదా నీకు?”

“తెలీనేదు” అన్నాను.

అంత తేట గొంతుతో అడిగితే కూడా అబద్ధమే చెప్పాను. ఆయన నమ్మాడు. “పోన్లే, నా మాట అంత పాడయిపోనాదన్నమాట” అన్నాడు. నమ్మకపోయినా బాగుండేది.

ఆ రోజు నుంచి రిమోట్ టీవీ పక్కన ఉంటోంది. పొద్దున ఒకటి. స్నానం, గడ్డం, టిఫిను తనే చేసుకుంటాడు. నేను స్కూలు నుంచి వచ్చేసరికి తనే రెండు నొక్కుకుని గుమ్మంలో కూర్చుని ఉంటాడు, నా మీద పడడానికి సిద్ధంగా. మళ్ళీ ఒకటికి రావాలంటే మాత్రం నన్ను అడగాలి. ఆ వణుకులో వేలు సరైన చోట పడదు. అడిగితే వెంటనే నొక్కుతాను. ఇప్పుడు నాకు అన్నీ వెంటనే అర్థమవుతున్నాయి.

‘నా మాట అంత పాడయిపోనాది’ అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. ఎవరైనా ఇంటికొస్తే ఒకటో నంబరులో అసలు నోరు తెరవడం మానేశాడు. పెళ్ళానికే తెలియని మాట ఇంకెవరికి తెలుస్తుందని. అంతకుముందు కూరగాయలవాడితోనైనా ఏదో ఒకటి గొణిగేవాడు, అదీ లేదు. నేను తీసేసింది ఏడాది మాట ఒక్కటే కాదు, మిగిలినదాని మీద నమ్మకం కూడా అని అర్థమయ్యాక చెప్పక తప్పలేదు.

పొద్దున ఒకటో నంబరులో ఉండగా చెప్పేస్తే సులువు. జవాబు చెప్పలేడు. రెండుసార్లు నోటిదాకా వచ్చింది, చెప్పలేదు. అలా చెప్పడం ఇంకోసారి బ్యాగులో దాచడమే. స్కూలు సెలవురోజున, మధ్యాహ్నం భోజనం దగ్గర, ఆయన రెండులో ఉండగా, నా చేతిలో ముద్ద ఉండగా చెప్పాను.

“ఆ యేళ్ళు నాకు తెలిసినాయండీ. రొట్టెలు కావని తెలుసు. మాటా తెలిసినాది. మొదటిరోజే తెలిసినాది. మీ మాటకేటీ అవ్వనేదు. నానే పెట్టనేదు.”

ఆయన ముద్ద కోసం తెరిచిన నోరు అలాగే ఉంచేశాడు. కాసేపటికి మూశాడు.

“సెయ్యి తియ్యి” అన్నాడు.

తీశాను.

“నాను మనిసినా, మిక్సీనా? సప్పుడు ఎక్కువైనాదని కట్టీసీడానికి?”

అది మొదలు. ఆయన అంత గట్టిగా అరవగలడని నేనూ మరిచిపోయాను. రొట్టెలన్నాడు, రెండో పెళ్ళన్నాడు, నేను వేసిన ఒక్కో హాస్యాన్నీ బయటికి తీసి నా ముందు పెట్టాడు. ఏదీ మరిచిపోలేదు. పక్కింటి బిహారీ ఆవిడ గోడ మీదుగా తొంగి చూసి “క్యా హువా, దీదీ?” అంది. ఏం లేదని చెయ్యి ఊపాను.

“ఏటీ నేదంటావేటి? సెప్పు ఆవిడికి! ఏడాదై ఒక్కదానివే మాటాడినావు, ఇప్పుడు నోరు రాదేటి?”

రాలేదు. వెతికాను. స్కూలు, వంట, నా నడుం నొప్పి, తినిపించే కష్టం, అన్నీ ఉన్నాయి. అన్నీ నిజాలే. ఒక్కటీ ఆయన ముందు పెట్టడానికి పనికిరాలేదు.

కంచం తన ముందుకి లాక్కున్నాడు. వణికే చేత్తో అన్నం పోగు చేశాడు. నోటిదాకా వెళ్ళేసరికి నాలుగు మెతుకులు మిగిలాయి. మళ్ళీ తీశాడు. కంచం చుట్టూ, లుంగీ మీద, నేల మీద అన్నం. చూడలేకపోయాను.

“ఒకటి నొక్కనా? తింటారు” అన్నాను.

“నొక్కితే సూడు. నా తిట్లు ఇంకా అవ్వనేదు.”

అవ్వలేదు నిజంగానే. మధ్యలో మంచినీళ్ళు అడిగి, నేను గ్లాసు పట్టుకుంటే తాగి, మళ్ళీ తిట్టాడు. పప్పు చల్లారిపోయింది. పెద్దదాన్నయ్యాక ఒక మనిషి చెప్పేది మధ్యలో అడ్డు తగలకుండా నేను విన్నది అదే మొదటిసారి అనుకుంటాను. వినడం ఇంత బరువైన పని అని తెలియదు. ప్రతి మాటకీ ఒక జవాబు నాలుక చివర దాకా వచ్చి నిలబడింది. మింగాను.

చివరికి కంచం నా వైపు తోశాడు.

“పెట్టు. కోపం పోనాదనుకోకు. ఆకలేత్తంది.”

అన్నం మళ్ళీ కలిపి ముద్ద చేసి పెట్టాను. నమిలి, మింగి, నన్ను ఎగాదిగా చూశాడు.

“పెద్ద ముద్దలు సేత్తన్నావు, నా నోరు మూయించీడానికి. సిన్నవి పెట్టు.”

అలా అనుకుని చెయ్యలేదని ప్రమాణం చెయ్యబోయాను. చేతిలో ఉన్న ముద్ద చూసుకున్నాను. పెద్దదే. దాన్ని విరిచి, చిన్నది చేసి పెట్టాను.